పెద్ద ఫైలే ఉండాలె

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. నేను కంప్యూటర్ చదువు చదివినదాన్ని. వాడకట్టులో ఎవరి ఫోన్ ఆగిపోయినా నా దగ్గరికే తెస్తారు. అయినా నా కంప్యూటర్ తెరిస్తే మొదట 'న్యూ ఫోల్డర్' కనిపిస్తుంది, దాని పక్కన 'న్యూ ఫోల్డర్ టూ', దాని లోపల 'ఇది చూడు', దాని లోపల మళ్ళీ ఒక 'న్యూ ఫోల్డర్'. ఈ కథ రాస్తున్న ఫైలు పేరు 'ఫైనల్ కొత్తది ఇదే'. కాబట్టి మానుకోటలో భూక్యా ఉమ అనే అమ్మాయి ఒక పొద్దున పాటలన్నీ పద్ధతిగా సర్దుదామని కూర్చుని ఏం చేసిందో చెప్పేటప్పుడు, ఆమెను చూసి నవ్వే హక్కు నాకు లేదు. మీరు నవ్వుకోండి.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు, ఉమ ఎంసీఏ చదివే కాలేజీ కూడా మూతపడింది. ఆమె తండ్రి బలరాం ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. డ్యూటీ ఉన్న రోజుల్లో ఎన్నడూ టైముకు తయారవని మనిషి, సమ్మె మొదలైనప్పటి నుంచి తెల్లారేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాకిట్లో నిలబడుతున్నాడు. ఆ ఇంట్లో అందరికీ పెద్ద బలరాం తల్లి రామి. మరిపెడ అవతలి తండాలో పుట్టి, అక్కడే కోడలై, కొడుకు ఉద్యోగం పుణ్యమా అని మానుకోట చేరింది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది తండా భాష. మీకోసం తెలుగులో రాస్తున్నాను. రామి తిట్ల రుచి ఇందులో సగమే వస్తుంది.

ఆ రోజు మెయిన్ రోడ్డు మీద వంటావార్పు. అంటే రోడ్డు నడుమ రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించి, అక్కడే వండి, అక్కడే విస్తళ్ళు పరిచి తిని, వచ్చే పోయే బండ్లను ఆపడం. ఉమ తల్లి అప్పటికే కత్తిపీట చంకన పెట్టుకుని కూరగాయలు తరగడానికి పోయింది. అదే చోట, రిలే నిరాహార దీక్షలో కూర్చున్నవాళ్ళకు శాలువాలు కప్పుతారు. మొదటి శాలువా బలరాంకు. "పొద్దున కూసున్నోడు పొద్దుగూకేదాంక లేవలే. నేను కండ్లార సూసిన" అని దీక్షా శిబిరం పెద్ద, కాలేజీ లెక్చరర్ రాంచందర్ సార్ పేపరు వాళ్ళకు కూడా చెప్పాడు. ఇది చిన్న సంగతి కాదు. అప్పటిదాకా తండా వాళ్ళను మీటింగులకు పిలిచింది టెంట్లు నింపడానికే. తమ మనిషికి స్టేజీ మీద కుర్చీ వేయడం ఇదే మొదలు. అది చూడటానికి తండా పెద్ద తావుర్యా నాయక్ ట్రాక్టర్లు కట్టించుకుని వస్తున్నాడు.

వస్తున్నది కుర్చీని చూడటానికే కాదు, పాట వినడానికి కూడా. తెలంగాణ మీద రామి సొంతంగా ఒక పాట కట్టింది. కుండ మాది, పొయ్యి మాది, గరిటె మాత్రం నీ చేతిలో ఎందుకున్నది అని తండా భాషలో అడుగుతుంది. మైకు ముందు నిలబడి పాడమంటే, "గా ఇనుప మూతికి మొకం పెట్టి నేను పాడ" అనేసింది. అందుకని ఒక మధ్యాహ్నం ఆమె రొట్టెలు కొడుతూ పాడుకుంటుంటే ఉమ ఫోన్ పక్కన పెట్టి రికార్డు చేసింది. రొట్టె తట్టే చప్పుడు, గాజుల చప్పుడు కలిసి అచ్చం తాళం వేసినట్టు వచ్చాయి.

"ఉమా," అన్నాడు బలరాం ఆ పొద్దున, కాలరు సర్దుకుంటూ, గొంతు బాగా తగ్గించి. "గా ఎన్క ముక్క కోసినవా?"

"కోసిన బాపూ."

"మొత్తం కోసినవా?"

"మొత్తం కోసిన. పాట అయిపోంగనే కట్. గంతే."

"ఒక్క మాట గూడ మిగలలే గద?"

"నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకే, కంప్యూటర్ మీద పెట్టు."

వెనక ముక్క కథ ఇది. పాట ముగిసిన క్షణంలో నల్లా వచ్చింది. ఉమ ఫోన్ ఆపకుండానే బిందె పట్టుకుని ఉరికింది. సరిగ్గా అప్పుడే, దీక్షా శిబిరంలో కడుపు మాడ్చుకుని కూర్చుని ఉండాల్సిన బలరాం వెనక వాకిట్లో నుంచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. రామి నోరు మొదలైంది. ఫోన్ అంతా విన్నది. తర్వాత ఉమ కంప్యూటర్లో వేసుకుని వింటే, పాట అయిపోగానే "ఒరేయ్ బలరాం" అని వినిపించింది. అక్కడి నుంచి చివరి దాకా కత్తిరించి పారేసింది. ఆ తర్వాత ఏముందో వినలేదు. తండ్రి తిండి గురించి నాయనమ్మ తిట్లు పుట్టినప్పటి నుంచి వింటూనే ఉంది, కొత్తగా ఏముంటుంది?

కత్తిరించిన పాటను 'ఫైనల్' అనే ఫోల్డర్లో పెట్టింది. పేరు 'అవ్వ పాట'. అసలుది వేరే ఫోల్డర్లో ఉంది. దాని పేరు కూడా 'అవ్వ పాట'.

ఇక పని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడమే. మైకుసెట్టు పోశాలు ట్రాలీ ఆటో వేసుకుని వస్తాడు, ఇచ్చేస్తే సరిపోతుంది. కానీ పెన్‌డ్రైవ్ పెట్టగానే కంప్యూటర్ మూలిగింది. తనలో జాగా లేదంది. ఉమ కంప్యూటర్ డ్రైవ్ తెరిచి చూసింది. గీత మొత్తం ఎర్రగా ఉంది.

"బాపూ, గిదేంది? ఒక్క పాట గిన్నిసార్లు ఎందుకున్నది?"

బలరాంకు పాటల పిచ్చి. నెట్ పెట్టించిన రోజు నుంచి ఉద్యమం పాటలు, పాత సినిమా పాటలు, భజనలు, ఏది దొరికితే అది దించుతున్నాడు. దించినవి ఎక్కడికి పోతాయో ఆయనకు తెలియదు. అందుకని ఒక పాట వినాలనిపిస్తే వెతకడు, మళ్ళీ దించుకుంటాడు. కంప్యూటర్ పాపం ఒకే పాటకు ఒకటి, రెండు, మూడు అని తోక తగిలించుకుంటూ దాచుకుంటూ పోయింది. పైగా దించిన ప్రతి పాట మీదా పాడినవాళ్ళ పేరు బదులు వెబ్‌సైట్ పేరే పడుతుంది. అది ఒక గాయకుడి పేరని బలరాం చాలా రోజులు నమ్మాడు. "మొగగొంతు, ఆడగొంతు రెండూ పాడుతడే, మస్తు మనిషి" అని ఆఫీసులో చెప్పాడు కూడా.

"గవన్ని నేను కష్టపడి దించినయ్," అన్నాడు బలరాం.

"కష్టపడి ఒక్కటే పాట దించినవ్ బాపూ. దాన్నే దించినవ్."

"ఒకటి పోతె ఇంకోటి ఉంటది గద."

"గిట్ల కాదు. పద్ధతి ఉండాలె." ఉమ జడ ముడి వేసుకుంది. ఆ ముడి పడిందంటే ఇంట్లో ఎవరూ అడ్డు రారు. జంటలుగా ఉన్న ఫైళ్ళను ఏరిపారేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె దగ్గర ఉంది. దాన్ని తెరిచింది. చివరి నంబరు తోకను లెక్కలోకి తీసుకోకుండా, ఒకే పేరుతో రెండు ఫైళ్ళు కనిపిస్తే ఏది ఉంచాలి అని అది అడిగింది.

"పాటల ఫైలు పెద్దగుంటె సౌండ్ మంచిగుంటది బాపూ. చిన్నగుంటె డబ్బాల రాళ్ళు పోసినట్టుంటది. అందుకే పెద్దది ఉంచు, చిన్నది తియ్యి అని చెప్తున్న."

"పెద్దోళ్ళను ఉంచుడు మంచిదే," అన్నాడు బలరాం, తన గురించే అన్నట్టు.

సాఫ్ట్‌వేర్ చెప్పిన మాట వినే రకం. అన్ని ఫోల్డర్లలోకీ దూరి, జంటలన్నీ ఏరి, చిన్నవన్నీ రీసైకిల్ బిన్‌లో పడేసింది. కత్తిరించిన పాట కత్తిరించని పాట కంటే చిన్నదిగానే ఉంటుంది. ఇది తెలియడానికి ఎంసీఏ అక్కర్లేదు. తట్టకపోవడానికి మాత్రం కొంచెం చదువు కావాలి.

అంతా అయిందని తెర మీద పడింది. ఉమ వేళ్ళు విరుచుకుని, "ఇప్పుడొక్కసారి విని ఎక్కిస్తా" అనేలోపు కరెంటు పోయింది.

సమ్మెలో బొగ్గుగనులు కూడా ఆగిపోయాయి. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి. ఉమ అక్కను ఇచ్చింది భూపాలపల్లిలో గని కార్మికుడు ప్రకాశ్‌కు. ఉమ వెంటనే బావకు ఫోన్ చేసింది.

"బావా, మీరు బొగ్గు తీస్తలేరు, ఈడ మా పాట ఆగింది."

"తెలంగాణ వచ్చినంక కరెంట్ల కూసోని విను మరదలా."

"తెలంగాణ పాటనే బావా ఆగింది!"

"అయితె నోటితోని పాడుండ్రి," అని పెట్టేశాడు ప్రకాశ్. సమ్మె విషయంలో ఆయనకు చుట్టరికాలు లేవు.

కరెంటు ఎప్పటికో వచ్చింది. దాని వెనకే వాకిట్లో పోశాలు ఆటో హారన్ కూడా వచ్చింది. "బలరామన్నా! సార్ తొందర పెడుతుండు. పొయిల మీద ఎసరు పెట్టిండ్రు, మైకుల పాట లేదు!" అని అరుస్తున్నాడు. ఉమ గబగబా కంప్యూటర్ ఆన్ చేసి 'అవ్వ పాట' అని వెతికింది. ఒక్కటే ఫైలు వచ్చింది.

"సూసినవా బాపూ? ఒక్క పేరుకు ఒక్కటే పాట. గిట్లుండాలె ఇల్లు."

పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పోశాలు చేతిలో పెట్టింది. "అన్నా, దీంట్ల అన్నిటికంటె ముందు దాదీ పాటుంది, పైలం" అంది. ఫైలుకు అవ్వ అని పేరు పెట్టినా, నాయనమ్మను ఉమ పిలిచేది దాదీ అనే. పోశాలు దాన్ని కళ్ళకు అద్దుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. రామి పప్పు గరిటె ఒకటి ఇంటి నుంచే తీసుకుని ట్రాలీలో స్పీకరు పక్కన కూర్చుంది. పట్నం వాళ్ళ గరిటెల మీద ఆమెకు నమ్మకం లేదు. బలరాం ముందు సీటులో నిటారుగా కూర్చున్నాడు. ఆటో వెళ్ళిపోయింది.

ఉమ తన సర్దుడు ఎంత అందంగా ఉందో చూసుకుందామని 'ఫైనల్' ఫోల్డర్ తెరిచింది. ఫోల్డర్ ఖాళీ.

అసలు ఫోల్డర్లో 'అవ్వ పాట' ఉంది. తెరిచి చివరికి జరిపింది. రొట్టె చప్పుడు, గాజుల చప్పుడు, తర్వాత స్పష్టంగా, "ఒరేయ్ బలరాం."

ఆపేసింది. తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఫోన్ టీవీ మీద మోగింది. పోశాలుకు చేసింది. స్పీకర్ల పక్కన నిలబడే మనిషికి జేబులో ఫోన్ ఎట్లా వినపడుతుంది? ఉమ రీసైకిల్ బిన్‌లో నుంచి కత్తిరించిన పాటను బయటికి లాగి, కాలేజీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, చెప్పులు ఒకటి తనది ఒకటి అమ్మది తొడుక్కుని రోడ్డు మీదికి ఉరికింది.

బంద్ రోజు ఆటో ఏది, బస్సు ఏది. మూల తిరిగేసరికి తండా ట్రాక్టర్లు వస్తూ కనపడ్డాయి. ముందు ట్రాక్టరు నడుపుతున్నది టీక్యా. వరసకు ఉమకు చిన్నాయన.

"చిన్నాయినా ఆపు! నన్ను జల్ది తీస్కపో! దాదీ పాట ఆపాలె!"

ఉమ ఉద్దేశం ఆమె లోపల ఉంది. నోటి నుంచి బయటికి వచ్చింది మాత్రం అంతే. ట్రాలీలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాట ఆపుతరా? ఎవరు ఆపుతరు?"

"ఎవరు కాదు చిన్నమ్మా, నేనే…"

"పోరి బుగులు పడ్డది. పేరు చెప్తలేదు."

"బుగులు కాదు, గది వేరే ముచ్చట…"

"ఏం ముచ్చట?"

ఉమ ఏం చెప్తుంది? మీరు ఎవరికి శాలువా కప్పడం చూడటానికి వస్తున్నారో ఆ మనిషి దీక్షలో నుంచి లేచి ఇంటికి వచ్చి తిన్నాడని చెప్పాలా? ఆమె మౌనం ముందు ట్రాక్టరు నుంచి వెనక ట్రాక్టరుకు పాకింది. పాకుతున్న కొద్దీ పెరిగింది. మన భాష పాట వద్దంటున్నారట, పెన్‌డ్రైవ్ గుంజుకున్నారట, ఉమను బెదిరించారట. తావుర్యా నాయక్ చివరి ట్రాక్టరులో లేచి నిలబడి తలపాగా బిగించాడు. "పాట ఆగితె ట్రాక్టర్లు గూడ ఈడనే ఆగుతయ్" అన్నాడు. అది విని అందరూ చప్పట్లు కొట్టారు. ట్రాక్టర్లు ఆపడానికే వస్తున్నారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

వంటావార్పు దగ్గరికి చేరేసరికి ఉమ కంటే ముందే పుకారు చేరింది. పొయ్యిల పొగలో అది ఇంకొంచెం ఉబ్బింది. ఉమ తోసుకుంటూ పోయి పోశాలు దగ్గర తేలింది.

"పోశాలన్నా, గా పెన్‌డ్రైవ్ ఇయ్యి, గిది పెట్టు. గిండ్ల సౌండ్ మంచిగుంది."

పోశాలు మైకుసెట్టు పెట్టెకు అడ్డంగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. "నిన్ను ఎవరు పంపిండ్రు చెల్లే?"

"ఎవరు పంపుడేంది? నేనే ఇచ్చిన గద నీకు!"

"అప్పుడు నువ్వే ఇచ్చినవ్. ఇప్పుడు నువ్వు నువ్వు లెక్క లేవు. చెప్పులు సూడు, రెండు రెండు తీర్లు. నిన్ను మస్తు పరేషాన్ చేసిండ్రు." పోశాలు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "నువ్వు భయపడకు. నా పానం పోయినా గీ పాట ఆగది."

ఉమ రాంచందర్ సార్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన అప్పుడే మంచి ఉపన్యాసంలో ఉన్నాడు. "సినిమాలల్ల మన మాటను ఎక్కిరించిండ్రు! మన మాటను మార్చిండ్రు! మన నోట్లె వాళ్ళ మాట పెట్టిండ్రు! మనం అన్నది మనం అన్నట్టు ఎన్నడన్న ఇననిచ్చిండ్రా?" జనం లేదు లేదు అన్నారు. ఉమ స్టేజీ కింద నుంచి ఆయన ప్యాంటు అంచు లాగింది.

"సార్, జర దాదీ పాట చివరికి పెట్టుకుందాం సార్. అందరు తిన్నంక."

రాంచందర్ సార్ వంగి, ఆమె తల మీద చెయ్యి వేసి, లేచి మైకులో చెప్పాడు. "సూసిండ్రా! గీ బిడ్డతోని గూడ చెప్పిస్తుండ్రు, పాట చివరికి పెట్టుమని! తండా భాష అంటె చివరికేనా? అందరు తిన్నంకనేనా? పెట్టను! ముందటనే పెడుత! మొదటి అక్షరం కెల్లి ఆఖరి అక్షరం దాంక పెడుత! నడుమ ఆపినోడు తెలంగాణ ద్రోహి!"

ట్రాక్టర్లన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. బందోబస్తుకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ కూడా లాఠీ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.

ఇక మిగిలింది తండ్రి ఒక్కడే. స్టేజీ మీద ముందు వరుసలో, కుర్చీ అంచున, ఉద్వేగంతో ఊగిపోతూ కూర్చున్నాడు. జనం అడ్డం. ఉమ మాట వినిపించదు. ఆమె మసాలా నూరడానికి తెచ్చిన రోలు ఎక్కి నిలబడి, చెయ్యి పైకెత్తి, రెండు వేళ్ళు కత్తెర లెక్క ఆడించింది. కోసింది కాదు, కోయనిది, కోయనిది ఉంది అని.

బలరాం కూతుర్ని చూశాడు. రెండు వేళ్ళు చూశాడు. గుండె ఉప్పొంగింది. లేచి తానూ రెండు వేళ్ళు పైకెత్తి చూపించాడు. విజయం మనదే. వెనక స్టేజీ మీద ఉన్నవాళ్ళందరూ రెండు వేళ్ళు ఎత్తారు. తర్వాత రోడ్డంతా ఎత్తింది. బలరాం మైకు అందుకుని, తండాలో అమ్మను పిలిచే మాటతోనే, "మా యాడి పాట ఆపేదెవడు? మొత్తం ఇనాలె! ఒక్క ముక్క గూడ ఇడువద్దు! పోశాలన్నా, పెట్టే!" అని గర్జించాడు.

ఉమ రోలు దిగి, దాని మీదే కూర్చుండిపోయింది.

పాట మొదలైంది. ఎంత కంగారులో ఉన్నా ఉమకు ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. ఆ రోడ్డు మీద, ఆ స్పీకర్లలో, తమ ఇంట్లో మాత్రమే వినపడే భాష అంత పెద్దగా వినపడటం ఎన్నడూ లేదు. ట్రాలీల్లో ఆడవాళ్ళు గొంతు కలిపారు. భాష రాని వాళ్ళు కూడా గాజుల తాళానికి తలలు ఊపారు. పప్పు గుండిగ దగ్గర రామి తన గొంతు తానే వింటూ, ఒకచోట రాగం తప్పానని మొహం చిట్లించింది. పాట ముగిసింది. జనం చప్పట్లకు చేతులు ఎత్తారు.

అప్పుడు స్పీకర్లు తండా భాషలో అరిచాయి. "ఒరేయ్ బలరాం! దీక్ష టెంట్ల కెల్లి వచ్చినవా? నీళ్ళు పోసుకోని కూసో. నిన్న మూతికి కూర పెట్టుకోని పోయినవ్, ఇయ్యాలన్న కడుక్కో. మెల్లగ తిను, నీ రొట్టెలు ఎవడు ఎత్తుకపోతలేడు. తిన్నంక గీ మూట తువ్వాలల సుట్టుకోని గా సార్‌కు ఇయ్యి. నిన్న కారం తక్కువైందన్నడంట, ఇయ్యాల ఎక్కువ మిరపకాయలు నూరిన అని చెప్పు. ఇద్దరు ఒక్కతాన మీసాలు తుడుసుకోండ్రి, పేపరోళ్ళు తిరుగుతుండ్రంట."

ఉమకు తన చెవుల మీద తనకే నమ్మకం కలగలేదు. సగం దాకా తెలిసిందే. సార్ సంగతి కొత్తది. వినకుండా కోసిన ముక్కలో ఉన్నది అది.

 ట్రాక్టర్ల వైపు టీక్యా స్టీరింగ్ మీద పడిపోయి నవ్వాడు. ట్రాలీల్లో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వేళ్ళు మొదట బలరాం వైపు, తర్వాత రాంచందర్ సార్ వైపు తిరిగాయి. రాంచందర్ సార్‌కు తండా భాష ఒక్క ముక్క రాదు. అందరూ తననే చూపిస్తున్నారని ఆయన పొంగిపోయి, ట్రాక్టర్ల వైపు చేతులు జోడించి, మీసం దువ్వాడు. నవ్వు రెండింతలైంది.

"బలరామన్నా," అన్నాడు సార్ మైకులో, "అవ్వ పాట అయినంక ఏదో సందేశం ఇచ్చింది. జనం గింత సంబురపడుతుండ్రు. జర తెలుగుల చెప్పు, అందరం ఇంటం."

మైకు బలరాం చేతికి వచ్చింది. ఇస్త్రీ చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది.

"మా యాడి ఏమంటున్నదంటె…" బలరాం కాలరు సర్దుకున్నాడు. "కొడుకా… తెలంగాణ వచ్చేదాంక… తిండి ముట్టకు… అన్నది."

ఇటువైపు జనం చప్పట్లు. అటువైపు ట్రాక్టర్ల దగ్గర ఎవరో నవ్వలేక ట్రాలీలో నుంచి జారి కింద పడ్డారు.

"నా గురించి ఏమన్న అన్నదా? 'సార్' అని ఇనపడ్డది," అన్నాడు రాంచందర్ సార్ ఆశగా.

"అన్నది సార్. సార్‌ను సూసి… నేర్చుకొమ్మన్నది."

సార్ కళ్ళు తుడుచుకున్నాడు. "పోశాలూ, మళ్ళొక్కసారి పెట్టు!"

మళ్ళీ పెట్టనక్కర లేకపోయింది. పప్పు గుండిగ దగ్గరి నుంచి రామి వస్తోంది. చేతిలో గరిటె ఉంది, గరిటె నుంచి పప్పు కారుతోంది. ఆమెకు తెలుగు బాగా వచ్చు. అవసరం లేక మాట్లాడదు. ఇనుప మూతికి మొహం పెట్టనన్న మనిషి స్టేజీ ఎక్కి, కొడుకు చేతిలోని మైకు గుంజుకుంది.

"నేనన్నది గది కాదు."

బలరాం మైకుకు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. 

"యాడీ, ఊకో, నీకు దండం పెడుత," అన్నాడు బలరాం పళ్ళ మధ్య నుంచి.

"ఎందుకు ఊకోవాలె? ఏమయ్యా సారూ, ఇంతసేపు ఏం చెప్పినవ్? మన మాటను మారుస్తుండ్రు, మన నోట్లె వాళ్ళ మాట పెడుతుండ్రు అని గొంతు సింపుకున్నవ్. ఇప్పుడు నా కడుపుల పుట్టినోడే నా మాట మారుస్తుండు, నువ్వు చప్పట్లు కొడుతున్నవ్. నేనన్నది నేనన్నట్టే చెప్పాలె. ఇనుండ్రి."

చెప్పింది. తువ్వాల, మూట, కారం, మీసాలు, ఏదీ వదలకుండా చెప్పింది. నాలుగు రొట్టెలు తిన్నాడని కూడా చెప్పింది. "రెండే" అని బలరాం గొణిగాడు. మైకు దగ్గరగా ఉండటం వల్ల అది కూడా అందరికీ వినిపించింది.

"నా కొడుకు తిన్నడు. నేనే పెట్టిన. సిగ్గేముంది? కడుపుల రొట్టె లేకుంటె నినాదం ఎట్ల లేస్తది? ఇయ్యాల గీ రోడ్డు మీద తినుటానికే కూసున్నరు గద అందరు. గా దీక్షల కూసున్నోళ్ళు ఎండకు సొమ్మసిల్లి పడితె తెలంగాణను మోసేదెవరు? ఇంకెవరన్న ఆకలిగున్నరా? ఇప్పుడే చెప్పుండ్రి, దొంగతనంగ తినుడెందుకు?"

ముందు నవ్వింది హెడ్ కానిస్టేబుల్. లాఠీ కింద పడేసుకుని మరీ నవ్వాడు. ఆ తర్వాత రోడ్డు మొత్తం. దీక్షలో కూర్చున్న మిగతావాళ్ళు మాత్రం నవ్వలేదు. వాళ్ళు తమ తమ తువ్వాళ్ళ వైపు చూసుకుంటున్నారు.

రాంచందర్ సార్ మొహంలో రంగులు మారాయి. మైకు ఆయన వైపు వచ్చింది. ఎంత పెద్ద ఉపన్యాసకుడైనా అలాంటి చోట ఒక్క వాక్యం కంటే ఎక్కువ పనికిరాదు. గొంతు సవరించుకున్నాడు.

"అవ్వా," అన్నాడు, "కారం ఇప్పుడు సరిపోయింది."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. మొదటి శాలువా బలరాంకు కప్పలేదు. రాంచందర్ సార్ దాన్ని రామి భుజాల మీద వేశాడు. ఆమె దాన్ని మడిచి, వేడి గుండిగ దించడానికి మసిగుడ్డలా వాడింది. స్టేజీ మీద ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీ అయిందనుకున్నారు గానీ కాలేదు. తావుర్యా నాయక్ పైకి వచ్చి బలరాంను భుజం పట్టి అందులోనే కూర్చోబెట్టాడు. "నువ్వు తిన్నోనివే, కానీ మా తండా రొట్టెతోని సార్‌ను గూడ సాదినవ్. కూసో" అన్నాడు. బలరాం ముందు విస్తట్లో నాలుగు రొట్టెలు పెట్టారు. ఈసారి పేపరు వాళ్ళ ఎదుటే తిన్నాడు.

ఉమ తన పాటను మాత్రం వదల్లేదు. ఎవరైనా అడిగితే కత్తిరించినది, సౌండ్ సరిచేసినది, పద్ధతిగా పేరు పెట్టినది ఇచ్చింది. తీసుకుపోయిన వాళ్ళందరూ తిరిగి తెచ్చారు. "గిది సగమే ఉంది చెల్లే. తిట్లు ఏవి?" అన్నారు. మరిపెడ సెల్ పాయింట్లలో మెమరీ కార్డులకు పాటలు ఎక్కించేవాళ్ళు పెద్ద ఫైలునే ఎక్కించారు. భూపాలపల్లి నుంచి ప్రకాశ్ ఫోన్ చేసి, తమ టెంటులో సార్ రొట్టెల ముక్క వచ్చేసరికి జనం లేచి నిలబడి వింటున్నారని చెప్పాడు. పెద్దదే ఉంచాలన్న ఉమ నియమం తప్పని ఎవరూ అనలేకపోయారు. ఆమె కూడా అనలేదు. బలరాం ఆ పాటను ఒక వెబ్‌సైట్‌లో కనిపెట్టి మళ్ళీ దించుకున్నాడు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని మూడుసార్లు దించుకున్నాడు. పాడినవాళ్ళ పేరు దగ్గర ఆ వెబ్‌సైట్ పేరే ఉంది. రామికి చూపిస్తే, "నా పాట పాడిన గీ మొగోడు ఎవడు?" అని అడిగింది.

మీ ఇంటి కంప్యూటర్లో కూడా ఎవరో ఒకరు కోయడం మరిచిన ముక్క ఒకటి ఉండే ఉంటుంది. దాంట్లో ఎవరు ఎవరిని ఏమన్నారో, అది ఎక్కడ ఎవరి ముందు మోగిందో నాకు రాసి పంపండి. ఫైలుకు మాత్రం 'ఫైనల్' అని పేరు పెట్టకండి. నా దగ్గర ఆ పేరుతో ఉన్నవాటిలో చిన్నవన్నీ నిన్ననే తీసేశాను, ఈ కథ కొంచెం పొడుగ్గా ఉండటానికి కారణం అదే.